మళ్ళీ చెయ్యెత్తనివాళ్ళు

కిందటి వారం భాగంలో రెనాటాను లోర్నా గది బయట నిలబెట్టి వచ్చాం. తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఏబ్రమ్ ఫ్రీసెన్ మాట్లాడుతున్నాడు. వినకూడదనుకుంది. విన్నది.

"రెనాటా సాయం చేసినవాళ్ళు అదే ఇబ్బందితో మళ్ళీ మళ్ళీ వస్తున్నారు, లోర్నా. ఎందుకో నాకు అనుమానం ఉంది. రుజువు లేదు కాబట్టి చెప్పను."

చెప్పి ఉంటే రెనాటా లోపలికి వెళ్ళి పోట్లాడేది. చెప్పనన్నాడు. ఆ మర్యాద ఆమెను కాల్చింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

అది మంగళవారం. ఇప్పుడు బుధవారం పొద్దున. గురువారం తొమ్మిదింటికి కమిటీ కూర్చుంటుంది. మొదటి ఏడాది ప్రోగ్రామింగు ల్యాబు మొత్తాన్ని చూసుకోవడానికి ఒక శాశ్వత ఉద్యోగం మంజూరైంది. ఒక్కటే. అడుగుతున్నది ఇద్దరు.

రెనాటా కొవాల్చుక్ ఆ ల్యాబులో ఆరేళ్ళుగా టీఏ. టీఏ అంటే ప్రొఫెసరు పాఠం చెప్పి వెళ్ళాక విద్యార్థుల పక్కన నిలబడి, వాళ్ళ ప్రోగ్రాము ఎక్కడ ఆగిపోయిందో చూసి దారి చూపించే మనిషి. ప్రొఫెసరు లోర్నా హాల్వర్సన్. విద్యార్థులు మూడు వందల మంది. ఏబ్రమ్ వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు అతను కూడా ఆ మూడు వందల్లో ఒకడు. అతనికి మొదటి ప్రోగ్రాము నడిపించుకోవడం నేర్పింది రెనాటాయే.

టీఏలకు అక్కడ ఒక కట్టుబాటు ఉంది. విద్యార్థి కీబోర్డు ముట్టుకోకూడదు. కొత్తగా చేరిన టీఏలను లోర్నా మొదటి రోజే వరసగా నిలబెట్టి చేతులు వెనక్కి కట్టుకోమంటుంది. చేత్తో కొట్టి ఇస్తే ప్రోగ్రాము నడుస్తుంది, మనిషి నడవడు అంటుంది. అందుకని ఆ ల్యాబులో టీఏలందరూ వీపు వెనక చేతులు కట్టుకుని తిరుగుతారు. అలవాటు కాక కొందరు కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంటారు. ఈ అలవాటు కూడా ఏబ్రమ్‌కు రెనాటాయే నేర్పింది.

పోయిన ఏడాది వరకు ల్యాబు గోడకు ఒక తెల్ల బోర్డు ఉండేది. సాయం కావలసినవాళ్ళు దాని మీద పేరు రాసేవాళ్ళు. రెనాటా పై నుంచి కిందికి వచ్చేది, అయిపోయిన పేరును స్వెటరు చేతితో తుడిచేసేది. చలికాలం ముగిసేసరికి ఆమె కుడి చేతి స్వెటరు నీలంగా తయారయ్యేది. సెప్టెంబరులో బోర్డు తీసేశారు. దాని మేకుల గుర్తులు నాలుగు గోడ మీద ఉన్నాయి.

బోర్డు స్థానంలో వచ్చింది 'వంతు'. ఏబ్రమ్ రాసిన ప్రోగ్రాము. విద్యార్థి తన కంప్యూటరులోనే చెయ్యెత్తిన బొమ్మ నొక్కుతాడు. టీఏ చేతిలో ఉండే పలకలాంటి టాబ్లెట్ మీద పేరు వస్తుంది. పేరుతోపాటు ఆ మనిషి తన ప్రోగ్రామును నిమిషం నిమిషానికి ఎలా మార్చాడో వస్తుంది. ఎక్కడ తప్పు వచ్చింది, ఇంతకుముందు ఏ టీఏ ఏం చెప్పాడు, ఇంకెవరు ఇదే చోట ఆగిపోయారు, అన్నీ వస్తాయి. టీఏ పని ముగించి రెండు ముక్కలు రాసి పెడతాడు. తర్వాత వచ్చే టీఏ దాన్ని చదువుకుని వెళ్తాడు.

మంచి పనిముట్టు. రెనాటాకు ఆ సంగతి అందరికంటే ముందే తెలిసింది. అదే ఆమె బాధ. పనికిమాలినది అయితే నవ్వి ఊరుకునేది.

బుధవారం పొద్దున ఆమె వచ్చేసరికి ఏబ్రమ్ అప్పటికే ల్యాబులో ఉన్నాడు. అదే గోధుమరంగు స్వెటరు. కిటికీ దగ్గర ఒకమ్మాయి పక్కన చేతులు వెనక్కి కట్టుకుని వంగి నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. బోర్డు ఉన్న రోజుల్లో ఆ నవ్వు రెనాటాది.

అతను తలెత్తి పలకరించాడు. రాత్రి ఇంజను గడ్డకట్టకుండా బ్లాక్ హీటరు పెట్టడం మరిచిపోయానని, కారు కదలక బస్సులో వచ్చానని చెప్పాడు. మామూలుగా చెప్పాడు. నిన్న లోర్నా గదిలో అన్న మాట తాలూకు నీడ కూడా ముఖంలో లేదు. రెనాటా తల ఊపింది. తనకి అతని మీద ఇంత ఉంటే అతనికి తన మీద ఏమీ లేదు. కనీసం అసూయ అయినా లేదు. దాంతో ఒళ్ళు మండింది.

సోమవారం సమావేశంలో లోర్నా తెర మీద చూపించిన లెక్క ఆమెకు నిద్రలో కూడా వస్తోంది. వంతు తనంతట తాను వేసిన లెక్క అది. రెనాటా సాయం చేసిన ప్రతి నూరుమందిలో నలభై ఒక్కమంది అదే ఇబ్బందితో తిరిగి వచ్చారు. ఏబ్రమ్ దగ్గర తొమ్మిదిమంది. మిగతా తొంభై ఒక్క పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్క. తీరింది అని అర్థం. తొందరపడి ఏమీ అనుకోవద్దని లోర్నా మెత్తగా అంది. కాని అందరూ అనుకున్నారు. రెనాటా కూడా అనుకుంది.

ఎనిమిదిన్నర నుంచి పది వరకు ల్యాబు పలచగా ఉంటుంది. రెనాటా మూల బల్ల దగ్గర కూర్చుని పలక తీసింది. టీఏలు ఒకరి రాతలు ఒకరు చూడవచ్చు. ఆమె ఏబ్రమ్ రాతలు తెరిచింది. ఎందుకు తెరిచిందో దాచనక్కర్లేదు. ఎక్కడో ఒకచోట అతను కూడా కీబోర్డు ముట్టుకుని ఉంటాడు. దాన్ని పట్టుకోవాలి.

గంటసేపు వెతికింది. దొరకలేదు. దొరికింది వేరు. రాతలన్నీ బాగున్నాయి. ఒకచోట, ఇతనికి జవాబు చెప్పొద్దు, తప్పు వచ్చిన లైను పైకి చదివించండి చాలు, అని ఉంది. ఇంకోచోట, ఈమెకు విషయం తెలుసు, నమ్మకం లేదు, పక్కనే ఉండి మాట్లాడకుండా ఉండండి, అని ఉంది. రెనాటా ఆ మాట రెండుసార్లు చదివింది. ఆ అమ్మాయి దగ్గర తను పది నిమిషాలు ఆపకుండా మాట్లాడిన రోజు గుర్తొచ్చింది. పలక బోర్లించింది. మళ్ళీ తీసింది.

అప్పుడు ఆకుపచ్చ చుక్కలు చూడటం మొదలుపెట్టింది.

ఒక పేరు దగ్గర ఆగింది. ఆ విద్యార్థి అక్టోబరు మొదట్లో ఏబ్రమ్‌ను సాయం అడిగాడు. ఆకుపచ్చ చుక్క. ఆ తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు. మంచిదే. కాని ఆ తర్వాత అప్పగించవలసిన మూడు పనుల్లో ఒక్కటీ అప్పగించలేదు. రెనాటా సొరుగులోంచి ల్యాబు హాజరు కాగితాలు తీసింది. అవి ఇంకా కాగితమే. మూడు వారాలుగా ఆ మనిషి సంతకం లేదు.

ఇంకో పేరు చూసింది. అంతే. ఇంకోటి. అంతే.

వంతులో ఒక నియమం ఉంది. సాయం పొందినవాడు ఏడు రోజుల్లో అదే ఇబ్బందితో తిరిగి రాకపోతే తీరినట్టు లెక్క. నేర్చుకున్నవాడు తిరిగి రాడు. నిజమే. విసిగి మానేసినవాడు కూడా తిరిగి రాడు. వంతుకి ఇద్దరూ ఒకటే. ఇద్దరికీ ఆకుపచ్చ చుక్కే.

పది అయ్యేసరికి ఆమె దగ్గర ఇరవై ఆరు పేర్లు తేలాయి. ఏబ్రమ్ దగ్గరికి ఒకసారి వచ్చి, తర్వాత ఎవరి దగ్గరికీ రానివాళ్ళు. పనులు అప్పగించనివాళ్ళు. ల్యాబుకు రావడం మానేసినవాళ్ళు.

ఇరవై ఆరుమంది మునిగిపోతున్నారు. శుక్రవారం క్లాసు వదులుకోవడానికి ఆఖరి రోజు. ఆ తర్వాత వదులుకోవడం కుదరదు, ఫెయిలే. ఇది చూసినప్పుడు రెనాటాకు ముందు కలిగింది సంతోషం. వాళ్ళ మీద జాలి తర్వాత వచ్చింది. కొంచెం ఆలస్యంగానే వచ్చింది.

ఇరవై ఆరింటిలో ఒక పేరు ఆమె కళ్ళు చూసీ చూడనట్టు దాటిపోయాయి. వెనక్కి వచ్చింది. గార్నెట్ పెల్టియే.

గార్నెట్ వయసు ముప్పై ఎనిమిది. పొటాష్ గనిలో పన్నెండేళ్ళు పనిచేశాడు. గనిలోకి దిగే షాఫ్టు మూసేశాక చదువుకోవడానికి వచ్చాడు. రెండు వేళ్ళతో టైపు చేస్తాడు. సెప్టెంబరంతా రెనాటా అతని పక్కనే ఎక్కువసేపు నిలబడింది. అతను మూడు వారాలుగా కనిపించడం లేదని ఆమె గమనించలేదు. ఏబ్రమ్‌ను చూడటంలో మునిగి ఉంది.

మధ్యాహ్నం అతన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. దూరం పోనక్కర్లేకపోయింది. భవనాల కింద సొరంగం దారిలో, మైక్రోవేవులు పెట్టిన చోట, బెంచీ మీద కూర్చుని బానక్ రొట్టె సూపులో ముంచుకుని తింటున్నాడు. పైన వేసుకున్న చలికోటు, పార్కా, విప్పలేదు. లెక్కల క్లాసుకు మాత్రం వస్తున్నాడట. పక్కకు జరిగి చోటిచ్చాడు.

కాసేపు చలి గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ల్యాబుకు ఎందుకు రావడం లేదని అడిగింది.

గార్నెట్ రొట్టె నమిలి మింగాడు. "ఆ కుర్రాడు మంచోడే. తప్పు పట్టను. నేను వెనక ఏం రాశానో చూపిద్దామని పలక నా వైపు తిప్పాడు. నా పేరు పక్కన ఎర్రగా పదిహేడు అని ఉంది. అదేంటని అడిగా. ఇప్పటికి పదిహేడుసార్లు సాయం అడిగావు, అంతే, దాన్ని పట్టించుకోకు అన్నాడు."

"అది టీఏల కోసం పెట్టిన అంకె. నిన్ను తప్పుపట్టడానికి కాదు."

"గనిలో మీటరు మీద ఎర్ర అంకె కనబడితే ఎవర్నీ అడగం. పని ఆపి పైకొచ్చేస్తాం. నేనూ అదే చేశా."

ఏబ్రమ్ చేసిన తప్పు ఇది. రెనాటా చెయ్యనిది. బోర్డు మీద పేరు తుడిచేస్తే అది ఎన్నోసారో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ మాట అందామని నోరు తెరిచింది. గార్నెట్ ఇంకా ముగించలేదు.

"ఇంకోటి చెప్పనా? నువ్వేం అనుకోకు. అక్టోబరులో ఆఖరి గంటలో నువ్వు నా కీబోర్డు లాక్కుని మొత్తం కొట్టేశావు. గుర్తుందా?"

ఆమెకు గుర్తుంది. అయిదింటికి అప్పగించాలి. నాలుగూ నలభై అయింది. అతని రెండు వేళ్ళు అక్షరం కోసం వెతుకుతున్నాయి. గది అవతల ఏబ్రమ్ చుట్టూ నలుగురు చేరి నవ్వుతున్నారు. తన పక్కన ఉన్న ఒక్క మనిషి కూడా ఓడిపోతే ఎలా అనిపించింది. చేతులు ముందుకు వచ్చేశాయి. నిమిషంలో నలభై లైన్లు కొట్టింది.

"ఆ రోజు మార్కులొచ్చాయి," అన్నాడు గార్నెట్. "ఇంటికెళ్ళి అది చెరిపేసి నేనే రాద్దామని కూర్చున్నా. మొదటి లైను కూడా రాలేదు. పదిహేడుసార్లలో సగం అక్కణ్ణించి వచ్చినవే."

అతను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాడు. క్లాసు వదులుకునే కాగితం. అతని సంతకం అయిపోయింది. కింద ప్రొఫెసరు సంతకానికి ఖాళీ ఉంది. ఈ క్లాసు పోతే అతని శిక్షణ భత్యం ఆగిపోతుంది. భత్యం ఆగితే చదువు ఆగిపోతుంది. అది అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

రేపటిదాకా ఆగమంది. ఇవాళే లోర్నాతో మాట్లాడతానని, గడువు పెంచమని, తనే రోజూ పక్కన కూర్చుంటానని చెప్పింది. ఈసారి చేతులు కట్టుకునే కూర్చుంటానంది. గార్నెట్ కొంచెం నవ్వాడు. చూద్దాం అన్నాడు. కాగితం చింపలేదు. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రెండింటికి ల్యాబు ఖాళీ అయింది. ఏబ్రమ్ కుర్చీలు లోపలికి నెడుతున్నాడు. రెనాటా ఇరవై ఆరు పేర్లూ ఉన్న పలకను అతని ముందు బల్ల మీద పెట్టింది. వీళ్ళెవరో చెప్పమంది.

అతను చదివాడు. పేర్లు గుర్తుపట్టాడు. ఇద్దరి ముగ్గురి గురించి మంచిగా ఏదో అన్నాడు. అందరివీ తీరిపోయాయన్నాడు.

"తీరలేదు. మానేశారు."

హాజరు కాగితాలు పక్కన పెట్టింది. అప్పగించని పనుల జాబితా పెట్టింది. ఏబ్రమ్ ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి సంతకం కోసం వెతికాడు. పదో పేరు వచ్చేసరికి వేలు ఆగిపోయింది. కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె రెండు నెలలుగా ఎదురుచూసిన ముఖం అది. చూసింది. అనుకున్నంత రుచిగా లేదు.

ఏడు రోజుల నియమం ఎక్కడ్నుంచి వచ్చిందని అడిగింది. తనే పెట్టానన్నాడు. తిరిగి రానివాడికి విషయం వచ్చేసినట్టే అనుకున్నానన్నాడు. తనకు క్లాసులో ఎప్పుడూ అలాగే జరిగింది, ఒకసారి చెబితే వచ్చేసేది, రెండోసారి అడగవలసిన పని ఉండేది కాదు, అందుకని ఇంకోలా ఉంటుందని తోచలేదన్నాడు. సాకుగా చెప్పలేదు. లెక్కలో తప్పు ఎక్కడుందో చూపించినట్టు చెప్పాడు.

తర్వాత అడిగాడు. "ఇది ఎందుకు వెతికావు?"

అబద్ధం చెప్పవచ్చు. నోటికి రాలేదు. "నీ తప్పు పట్టుకోవాలని."

"ఎప్పట్నుంచి?"

"బోర్డు తీసేసినప్పట్నుంచి."

ఏబ్రమ్ గోడ వైపు చూశాడు. "ఆ బోర్డు ముందు నిలబడి నీకోసం ఎదురుచూసేవాణ్ణి, తెలుసా? నువ్వు నా పేరు తుడిచేస్తే ఏడుపొచ్చేది, ఇంకా చాలా అడగాల్సింది ఉండేది. నువ్వు చెప్పింది గుర్తు పెట్టుకునేది ఏదైనా ఉంటే బాగుండుననుకునేవాణ్ణి. వంతు అందుకే రాశా. నువ్వొక్కసారి కూడా బాగుందనలేదు."

అతనికి తన మీద ఏమీ లేదని రెనాటా ఇన్నాళ్ళూ అనుకుంది. ఉంది. అది అసూయ కాదు. ఆమె దానికి సిద్ధంగా లేదు. అందుకే మాట మార్చి, గార్నెట్ సంగతి చెప్పింది. ఎర్ర అంకె చెప్పింది. పదిహేడు చెప్పింది. గని మీటరు చెప్పింది. తన నలభై లైన్ల సంగతి చెప్పలేదు.

ఏబ్రమ్ పలక దగ్గరికి లాక్కుని గార్నెట్ పేరు నొక్కాడు. ఆమె ఆపబోయింది. ఆపలేకపోయింది. నిమిషం నిమిషానికి గార్నెట్ రాసిన ప్రోగ్రాములన్నీ వరసగా వచ్చాయి. ఏబ్రమ్ వెనక్కి జరుపుకుంటూ పోయాడు. తను పలక తిప్పిన రోజు వచ్చింది. తను రాసి పెట్టిన మాటలు వచ్చాయి. ఇంకా వెనక్కి వెళ్ళాడు. అక్టోబరు. నాలుగూ నలభైకి పదకొండు లైన్లు. నాలుగూ నలభై ఒకటికి యాభై ఒక్క లైన్లు.

అతను ఆ రెండు అంకెలూ చూశాడు. ఆ గంటలో సాయం చేసిన టీఏ పేరు చూశాడు. తలెత్తి ఆమె చేతులు చూశాడు.

ఒకే మనిషి రాతల్లో ఇద్దరి తప్పూ ఉంది. అతనిది పైన, ఆమెది కింద.

మాట్లాడాలని రెనాటా అడిగితే, లోర్నా ఇద్దరినీ నాలుగింటికి రమ్మంది. బయట అప్పుడే వెలుగు తగ్గుతోంది. మంచు అడ్డంగా పడుతోంది. రెనాటా అరగంట ముందు ప్రింటరు దగ్గర నిలబడింది. జాబితా మొత్తం తెర మీద పెట్టుకుంది. గార్నెట్ పేరు ఉన్న లైను మీద వేలు ఉంచింది.

ఇరవై ఆరు ఉన్నా ఇరవై అయిదు ఉన్నా ఏబ్రమ్ లెక్క తప్పే. ఒక్క పేరు తీస్తే రుజువు తగ్గదు. ఆ పేరు ఉంటే మాత్రం కమిటీ ఆ రాతలు తెరుస్తుంది. ఆరేళ్ళు వీపు వెనక కట్టుకున్న చేతులు ఒక్క నిమిషంతో పోతాయి. గార్నెట్ సంగతి తను విడిగా చూసుకోవచ్చు. ఉద్యోగం వచ్చాక ఇంకా బాగా చూసుకోవచ్చు. ఇలా చెప్పుకుంది. చెప్పుకున్నది తనే నమ్మలేదు. అయినా లైను తీసేసింది. కాగితం వెచ్చగా బయటికి వచ్చింది.

లోర్నా గదిలో ఏబ్రమ్ ముందే కూర్చుని ఉన్నాడు. రెనాటా కాగితం ఇచ్చింది. ఎలా కనిపెట్టిందో చెప్పింది. ఎవర్నీ ఏమీ అనకుండా చెప్పింది. నిన్న అతను చూపించిన మర్యాద ఇవాళ తనూ చూపించగలనని ఆమెకు అనిపించింది.

లోర్నా కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది. చదవడం అయ్యాక కళ్ళద్దాలు తీసింది. సోమవారం తను చూపించిన లెక్క తప్పని, అందరి ముందూ చూపించినందుకు రెనాటాకు క్షమాపణ చెప్పుకోవాలని అంది. రెనాటా తల దించుకుంది. ఈ మాట కోసం రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఇప్పుడు చెవిలో పడుతుంటే అక్కణ్ణించి లేచి పోవాలనిపించింది.

వీళ్ళందరికీ ఈ సాయంత్రమే తను స్వయంగా ఫోను చేస్తానంది లోర్నా. ఒక్కొక్కరికీ రెండు వారాల గడువు ఇస్తుంది. తొందరపడి క్లాసు వదులుకోవద్దని చెబుతుంది. రేపు కమిటీ ముందు ఒక్కొక్కరి రాతలూ తెరిపించి ఎక్కడ దారి తప్పారో చూస్తుంది. డీను దగ్గర ఒక్కసారే అనుమతి దొరుకుతుంది. అందుకని పేర్లు ఇప్పుడే తేలిపోవాలి. తర్వాత చేర్చడం కుదరదు.

కలం తీసి కాగితం కింద తేదీ వేసింది.

"ఇరవై అయిదు. ఇంతేనా?"

"ఇంతే," అంది రెనాటా.

ఏబ్రమ్ ఆమె వైపు తిరిగాడు. మధ్యాహ్నం అతను ఇరవై ఆరు పేర్ల మీద వేలు పెట్టాడు. ఏ పేరు లేదో అతనికి చదవకుండానే తెలుసు. ఎందుకు లేదో తెలుసు. నిన్న లేదన్న రుజువు ఇవాళ అతని దగ్గర ఉంది. నోరు తెరిస్తే చాలు, ఉద్యోగం మళ్ళీ అతని వైపు వస్తుంది. రెనాటా కళ్ళు మూసుకుంది.

"ఏబ్రమ్? నీకు తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

అతను తన మోకాళ్ళ వైపు చూశాడు. ఆ రాతలు తెరిస్తే పదిహేడు కూడా బయటికి వస్తుంది. పలక తిప్పింది ఎవరో కూడా వస్తుంది.

"లేరు," అన్నాడు. "ఇంతే."

రెండు నెలల్లో వాళ్ళిద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి. రెనాటా కళ్ళు తెరిచింది. అతను ఆమె వైపు చూడలేదు. లోర్నా సంతకం పెట్టి కాగితాన్ని సంచిలో పెట్టింది.

తలుపు మీద ఎవరో తట్టారు. లోర్నా రమ్మంది.

వచ్చినవాడి పార్కా భుజాల మీద మంచు ఉంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గదిలో ఉన్న ఇద్దరినీ చూసి ఆగాడు. రెనాటాను చూసి మొహమాటంగా తల ఊపాడు. రేపటిదాకా ఆగుదామనే అనుకున్నానని, కాని రాత్రికి హైవే మూసేస్తారంటున్నారని, ఊరికి వెళ్ళిపోతే శుక్రవారంలోపు తిరిగి రాలేనని చెప్పాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు.

"గార్నెట్ పెల్టియే అండి. మీ సంతకం ఒకటి కావాలి."

లోర్నా కాగితం అందుకుంది. ఏమిటో చూసింది. కలం మూత తియ్యలేదు. సంచిలోంచి ఇందాకటి జాబితా బయటికి తీసి పై నుంచి కిందిదాకా వేలితో చూసుకుంటూ వచ్చింది. మళ్ళీ ఒకసారి పై నుంచి చూసింది.

"కూర్చో గార్నెట్," అంది. "ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఇందులో ఉన్నాయని వీళ్ళిద్దరూ ఇప్పుడే చెప్పారు. నీ పేరు లేదు. మరి నువ్వెందుకు వెళ్ళిపోతున్నావు?"

గార్నెట్ కూర్చోలేదు. లోర్నా చేతిలోని జాబితా చూశాడు. తర్వాత రెనాటా ముఖం చూశాడు.